ముంతెడు గంజి

విశాఖుడికి వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఓడ కదులుతోంది.

ఓడన్నాక కదలదా అంటారేమో. ఆ సంగతి ఎక్కకముందు తట్టి ఉంటే బాగుండేది పాపం! విహారంలో పూటలకు పూటలు రాయిలా కూర్చోగలిగిన భిక్షువు, గురువు వెంట సింహళం పోయే ఓడెక్కిన మర్నాటికే తెరచాప కొయ్యను వాటేసుకుని, పైగుడ్డతో నడుమును దానికే కట్టేసుకున్నాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఎవరైనా అడిగితే, "ధ్యానం" అనేవాడు.

ఓడవాళ్లు నవ్వేవారే, ఓపికుంటే. అందరూ పొలాల్లోంచి కొత్తగా వచ్చినవాళ్లు. మొదటిసారి గాలి తిరిగినప్పుడు తెరచాపను "హై! హై!" అని ఎద్దుల్లా అదిలించారు. అది వినలేదు. ఇప్పుడు ఓడ అంచున వేలాడుతూ తిన్నదంతా సముద్రానికి అప్పగిస్తున్నారు.

సముద్రం తెలిసినవాడు ఓడ నడిపే తండేలు కొమ్మన ఒక్కడే. నిన్న పొద్దుటినుంచి చుక్కాని వదల్లేదు, మెతుకు ముట్టలేదు. చేతుల పట్టు సడలుతోంది. ఆ చేతులు జారితే ఓడ సంగతి అంతే.

"వచ్చే రేవులో ఆ కొయ్యసామిని దించేస్తా!" అని అరిచాడు. "ఈ పనివాళ్లే నాకు మోయలేనంత బరువు!"

విశాఖుడు కొయ్యను ఇంకా గట్టిగా వాటేసుకున్నాడు. దింపేస్తే గురువుగారు ఒంటరిగా పోతారు. తను మిగిలిపోతాడు.

అడుగుల చప్పుడు వినిపించింది. వచ్చింది గురువు ధమ్మనందే.

"భంతే," అన్నాడు విశాఖుడు, కళ్లు తెరవకుండానే. "ఇంత కదిలేచోట కదలకుండా ఉండటం ఎలా?"

"ముందు ఇది పట్టుకో."

కళ్లు తెరిచాడు. అంచుదాకా గంజి పోసిన ముంత. ఒంటిచేత్తో అందుకోబోతే తొణికింది.

"రెండు చేతులూ పెట్టు నాయనా. కొమ్మనకిచ్చిరా."

"నేనా? మీరే..."

"నాకు మోకాళ్ల నొప్పి." పొద్దుటినుంచి ఓడంతా చక్కర్లు కొట్టిన మోకాళ్లకు అప్పుడే వచ్చింది ఆ నొప్పి.

"పడిపోతాను భంతే!"

"పడితే పడు. గంజి మాత్రం పడకూడదు."

అంటూనే ఆయన శిష్యుడి నడుముకున్న పైగుడ్డ ముడి లాగేశాడు.

విశాఖుడు ముంతలోకే చూస్తూ ఒకడుగు వేశాడు. గంజి ఒలికి చేతిమీద పడింది.

"గంజిని చూడకు," అన్నాడు గురువు వెనకనుంచి. "తాగేవాణ్ని చూడు."

విశాఖుడు తలెత్తాడు. పీక్కుపోయిన మొహం, ఎండిన పెదాలు, ముంత మీదే నిలిచిన రెండు కళ్లు. ఓడ ఎడమకు ఒరిగింది. విశాఖుడూ ఒరిగాడు. ఓడ లేచింది. అతనూ లేచాడు. అలా ఎంత నడిచాడో, ముంత కొమ్మన నోటిదగ్గర ఉంది.

కొమ్మన గటగటా తాగి మూతి తుడుచుకున్నాడు.

"ఉప్పు తక్కువైంది సామీ."

"సముద్రం మీదుండి ఆ మాట అంటావా!"

కొమ్మన పగలబడి నవ్వాడు. చుక్కాని మీద అతని పట్టు బిగిసింది. "పొద్దుగూకేలోగా ఇంకో ముంత తెస్తావా? తెస్తే ఏ రేవులోనూ దించను, పో."

విశాఖుడు ఖాళీ ముంతతో వెనక్కి వచ్చేసరికి, గురువుగారు తెరచాప కొయ్యను వాటేసుకుని, శిష్యుడి పైగుడ్డతో నడుము కట్టేసుకుని, కళ్లు మూసుకుని ఉన్నారు.

"భంతే! ఏమిటిది?"

"ధ్యానం," అన్నాడాయన. "కదిలించకు."

విశాఖుడు ఓడ అంచున వేలాడుతున్న వాళ్లకేసి ఒకసారి చూశాడు. ముంత పట్టుకుని గంజికుండ దగ్గరికి నడిచాడు.