పేరిశాస్త్రి చెప్పిన పడవ లెక్క

అనగనగా అంటే మరీ అంత వెనక్కి కాదులెండి, మా అమ్మమ్మకి వాళ్ళ అమ్మమ్మ చెప్పినంత వెనక్కి. ఒక ఏటి ఒడ్డున ఒక ఊరు, ఆ ఊరికో రాజు. ఆ రాజుకి లెక్కలు రావు. నవ్వకండి, నాకూ రావు. ఎనిమిదో ఎక్కం దగ్గర మా పంతులుగారు నన్ను వదిలేశారు, నేను ఎక్కాన్ని వదిలేశాను, అందరం హాయిగా ఉన్నాం. కానీ ఆ రాజు మంచివాడు. తనకి రాకపోతే పోయె, జనానికి ఇబ్బంది కాకూడదని కోట గుమ్మం పక్కన ఒక అరుగు కట్టించి, పేరిశాస్త్రి అనే ఆయన్ని తెచ్చి దానిమీద కూర్చోబెట్టాడు. ఎవరికే లెక్కలో సందేహం వచ్చినా పొద్దున్నే వచ్చి అడగొచ్చు. గోడకి ఇటుకలెన్ని, పందిరికి వాసాలెన్ని, బళ్ళో పంతులుగారిచ్చిన లెక్కకి జవాబెంత, ఏదైనా సరే.

శాస్త్రికి లెక్కలు రావా అంటే వచ్చు. బాగానే వచ్చు. చిక్కల్లా ఎక్కడంటే, ఆయనకి ఆలోచించడం నామోషీ. అడిగినవాడి నోరు మూతపడేలోపల జవాబు పడిపోవాలి. ఉండు, చూసి చెబుతాను అన్నమాట ఆయన నోట ఎవరూ విన్న పాపాన పోలేదు. ఎవరైనా కాస్త నసిగితే, నా నోట తప్పు రాదు పో అనేవాడు. అని అని, ఊరంతా నమ్మేసింది. ఆఖరికి ఆయన కూడా నమ్మేశాడు.

ఇంట్లో ఆయనా, కోడలు సూరమ్మా. కొడుకు రాజుగారి పనిమీద ఊళ్ళు తిరుగుతుండేవాడు. రోజూ భోజనం దగ్గర శాస్త్రికి ఒకటే పని. ఇవాళ ఎవరేం అడిగారు, తను ఎంత చురుగ్గా చెప్పాడు, వాళ్ళెలా నోరు వెళ్ళబెట్టారు, ఇదంతా వర్ణించడం. సూరమ్మ వడ్డిస్తూ ఊ కొట్టేది. మీరు కొడుతున్నారా? ఏదీ, గోడ పక్కన పడుకున్నవాళ్ళ ఊ నాకు వినపడలేదు. ఆఁ, అదీ.

ఒకనాడు ఏటికి అవతల తీర్థం. రేవులో మనుషుల్ని దాటించే పడవకి సరిగ్గా అప్పుడే అడుగున చిల్లు పడింది. సరే, గడ్డి మోసే పోలయ్యని పిలిచి, నాయనా, మధ్యాహ్నం నీ పడవమీద జనాన్ని దాటించు అన్నారు. పోలయ్య పుట్టి బుద్ధెరిగాక గడ్డి తప్ప మనిషిని ఎక్కించినవాడు కాదు. కానీ జాగ్రత్త మనిషి. పొద్దున్నే అరుగు దగ్గరికొచ్చి, బాబూ, నా పడవ నలభై మోపుల గడ్డి మోస్తుంది, ఆపైన ఒక్క మోపు వేసినా నీళ్ళు లోపలికొస్తాయి, రెండు మోపులు కలిస్తే ఒక మనిషి బరువు, మరి ఎంతమందిని ఎక్కించమంటారు అని అడిగాడు.

అదే సమయానికి ఎవరో పెద్దమనిషి శాస్త్రిని పొగుడుతున్నాడు. ఇంకేముంది, ఆయన చెవి ఒకటి అటు, ఒకటి ఇటు. నలభై అన్నది వినపడింది, రెండు అన్నది వినపడింది, మధ్యలోది పొగడ్తలో కొట్టుకుపోయింది.

"ఎనభై" అన్నాడు.

అంతమందా బాబూ అని పోలయ్య తల గోక్కున్నాడు. నా నోట తప్పు రాదు పో అన్నాడు శాస్త్రి. పోలయ్య దండం పెట్టి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం అన్నం దగ్గర శాస్త్రి ఈ ముచ్చటంతా చెప్పాడు. సూరమ్మ పప్పు వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగింది. "మామయ్యగారూ, రెండు మోపులకి ఒక మనిషైతే, మోపులకన్నా మనుషులు తగ్గాలి కదండీ. పెరిగారేం?"

శాస్త్రికి ముందు కోపమొచ్చింది. పప్పులో ఉప్పు చూసుకో అన్నాడు. అన్నాడే గానీ ముద్ద నోటిదాకా వెళ్ళలేదు. ఎడంచేతి కణుపులమీద లెక్కపెట్టాడు. ఇరవై. మళ్ళీ పెట్టాడు. ఇరవయ్యే.  అయినా చూడండి, ఆ క్షణంలో ఆయనకి మొదట తట్టిందేమిటో తెలుసా? పోలయ్యే సరిగా వినలేదని చెప్పేస్తే ఎలా ఉంటుంది అని. అలా అనుకున్నందుకు తన మొహం తనకే చూడబుద్ధి కాలేదు. పీట మీంచి లేచి, ఎంగిలి చెయ్యైనా కడుక్కోకుండా పరుగు. ఒక కాలికి చెప్పుంది, ఒక కాలికి లేదు. వెనకాలే సూరమ్మ.

కుమ్మరివీధిలో అడిగారు, శాస్త్రిగారూ, పరుగెందుకండీ అని. అరగడానికి అన్నాడు. సాలెవీధిలో అడిగారు, శాస్త్రిగారూ, పరుగెందుకండీ అని. గాలికి అన్నాడు. గొల్లవీధిలో అడిగారు, శాస్త్రిగారూ, పరుగెందుకండీ అని. తీర్థానికి అన్నాడు. చూశారా, ప్రాణాలమీదికొచ్చినా సరే, తప్పు చెప్పాను అన్న రెండు మాటలు గొంతు దాటలేదు.

రేవుకి వెళ్ళేసరికి పడవలో యాభైమంది ఎక్కేసి ఉన్నారు. చంకల్లో పిల్లలు, ముసలివాళ్ళు, తీర్థంలో పొంగళ్ళకి తీసుకెళుతున్న బిందెలు. పడవ అడుగు ఒడ్డున ఇసుకలో ఆని ఉంది, అందుకని ఎంత మునిగిందో ఎవరికీ తెలియడం లేదు. ఇంకో ముప్ఫైమంది ఎక్కితే నీళ్ళలోకి నెడదామని పోలయ్య గెడ పట్టుకుని నించున్నాడు.

శాస్త్రి ఆయాసపడుతూ దిగండి దిగండి, ఇరవైమందే, ఎనభై కాదు అన్నాడు. ఎవరూ కదలలేదు. పోలయ్య నవ్వి, ఎండలో పడొచ్చారు బాబూ, కాస్త కూర్చోండి, మీ నోట తప్పు రాదని మాకు తెలీదా అన్నాడు. పడవలోవాళ్ళూ అదే మాట. శాస్త్రిగారు తప్పు చెప్పరు, మనల్ని ఆట పట్టిస్తున్నారు అని.

ఆయన సూరమ్మవంక చూశాడు. సూరమ్మ మెల్లిగా, మీరూ తప్పులు చెబుతారని వాళ్ళకి తెలిసేట్టు చేయండి మామయ్యగారూ, అంతకన్నా దారి లేదు అంది.

శాస్త్రి మోకాళ్ళలోతు నీళ్ళలోకి దిగి పడవ అంచు పట్టుకున్నాడు. చేతికి పప్పు ఇంకా ఎండి అంటుకునే ఉంది. సాలె వీరాస్వామి పడవ ముందుభాగంలో కూర్చుని ఉన్నాడు. "వీరాస్వామీ, నేను లెక్కకట్టిన నూలుతో నేస్తే చీర పన్నెండు మూరలు రావాల్సింది పదకొండే వచ్చిందని, నీ మోచెయ్యి సాగిపోయిందని వైద్యుడి దగ్గరికి వెళ్ళావు చూడు. నీ మోచెయ్యి బాగానే ఉంది. తప్పు నీది కాదు, నాది."

వీరాస్వామి తన మోచేతివంక చూసుకున్నాడు. ఆ మాటకి పక్కవాళ్ళు కిసుక్కున నవ్వారు.

బడిపిల్లలు నలుగురున్నారు. సగాన్ని సగంతో భాగిస్తే ఎంతని మీ పంతులుగారు నన్నడిగితే పావు అని చెప్పాను, ఒకటి అని రాసిన మీ అందరిచేతా ఆయన గుంజీళ్ళు తీయించాడు, మీరు రాసిందే సరి, తప్పు మీది కాదు, నాది అన్నాడు. పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని పడీపడీ నవ్వారు. గుంజీళ్ళు మీరూ తీయాలి అన్నారు. శాస్త్రి నీళ్ళలోనే తీశాడు. పంచె తడిసి ముద్దయింది. అప్పుడు పడవంతా నవ్వింది, ఆయనకీ నవ్వొచ్చింది. ఇన్నేళ్ళు నేనేదో పెద్ద బుర్ర అనుకున్నాను, ఇది బుర్ర కాదు, ఖాళీ కుండ, మోత ఎక్కువ అన్నాడు.

పడవలో ఒక్క మనిషి మాత్రం నవ్వలేదు. వంటల చెల్లాయమ్మ. కిందటేడు ఒక పెళ్ళికి బియ్యం ఎంత పోయాలో శాస్త్రే చెప్పాడు. సగం పంక్తికి అన్నం అయిపోయింది. మిగతాది చెల్లాయమ్మ దొంగిలించిందన్నారు. ఆపైన ఆమెని ఎవరూ వంటకి పిలవలేదు. శాస్త్రికి ఆ తప్పు వారం తిరక్కుండానే తెలిసింది. తెలిసి ఊరుకున్నాడు.

శాస్త్రి ఆమె ఎదుటికొచ్చి నిలబడ్డాడు, చేతులు జోడించాడు.  "చెల్లాయమ్మా, నీ చేతుల్లో దోషం లేదు. లెక్క నాది. నువ్వు మాట పడుతుంటే తెలిసి కూడా నోరు విప్పలేదు."

నవ్వులన్నీ ఆగిపోయాయి. చెల్లాయమ్మ లేచి, కొంగు సర్దుకుని, పడవ దిగింది. ఆమె వెనక వీరాస్వామి దిగాడు, పిల్లలు దిగారు, ఒక్కొక్కళ్ళే అందరూ దిగారు.

పోలయ్యకి ఇంకా అనుమానం తీరలేదు. అప్పుడు సూరమ్మ, అన్నా, మాటలెందుకు, పడవని నడుంలోతు నీళ్ళలోకి తోసి అక్కడ ఒక్కొక్కళ్ళనీ ఎక్కించు అంది. తోశారు. పదిమంది ఎక్కారు, పడవ కాస్త కుంగింది. పదిహేనుమందయ్యారు, ఇంకా కుంగింది. ఇరవయ్యో మనిషి కాలు పెట్టేసరికి, నలభై మోపులు వేసినప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో సరిగ్గా అక్కడికొచ్చి నిలబడ్డాయి. పోలయ్య గెడ వదిలేసి తల పట్టుకున్నాడు. ఒడ్డున పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు ఇంకాస్త గట్టిగా హత్తుకున్నారు.

నాలుగు విడతల్లో ఎనభైమందీ దాటారు. తీర్థం చూశారు, తిరిగొచ్చారు.

మర్నాడు శాస్త్రి రాజుగారి దగ్గరికెళ్ళి, ఇంక ఆ అరుగు నాకొద్దు అన్నాడు. రాజు నవ్వి, నాకు అసలే రావు, నీకు తప్పులైనా వచ్చు, ఎక్కడికి పోతావయ్యా, కూర్చో అన్నాడు. అయితే నా పక్కన సూరమ్మకీ పీట వేయించండి అన్నాడు శాస్త్రి. ఆనాటినుంచి అరుగు దగ్గర జనం రెట్టింపయ్యారు. ఎవరేం అడిగినా ఆయన, ఉండు నాయనా, నేను రెండుసార్లు చేస్తాను, మా కోడలు ఒకసారి చేస్తుంది, ముగ్గురం ఒప్పుకుంటే పట్టుకెళ్ళు అనేవాడు. అక్కడున్నది ఇద్దరే కదండీ అంటే, చూశావా, మళ్ళీ తప్పాను అని ఆయనే ముందు నవ్వేవాడు.

చెల్లాయమ్మకోసం మాత్రం ఆయన ఇల్లిల్లూ తిరిగాడు. ప్రతి గుమ్మంలో నిలబడి జరిగింది చెప్పాడు. కొందరు విన్నారు, కొందరు తలుపు వేసుకున్నారు. మరుసటేడు మనవడు పుడితే, వాడి అన్నప్రాశనకి ఊరందరికీ భోజనాలు పెట్టి, వంట ఆమెనే చేయమని బతిమాలాడు. ఆమె వచ్చింది. వచ్చి, మూడొందలమందికి బియ్యం ఎంత పోయమంటారండీ అని, కాస్త ఎత్తిపొడుపుగానే అడిగింది.

శాస్త్రి తాటాకూ గంటమూ తీసుకుని ఆమె ముందు నేలమీద చతికిలబడ్డాడు. "అది నాకన్నా నీకే తెలుసు. నువ్వు చెప్పు చెల్లాయమ్మా, నేను రాసుకుంటాను."

ఆమె చెప్పింది. ఆయన రాసుకున్నాడు. పంక్తి చివరి మనిషిదాకా అన్నం సరిపోయింది.

కాబట్టి నాన్నా, తెలియకపోతే ఉండు, చూసి చెబుతాను అనండి, ఏం పరువు పోదు. నన్ను చూడండి, ఇన్నేళ్ళొచ్చాయి, ఎనిమిదో ఎక్కంలో ఎనిమిదేళ్ళెంతో ఇప్పటికీ చూసే చెబుతాను. కథ కంచి దారి పట్టింది, మీరు కళ్ళు మూసుకోండి.