గవరయ్య చూపించిన చుక్క

చీకట్లో చూసే యంత్రాల్లో ఏది మంచిదని ఎవరడిగినా సూరపరాజు మాస్టారు జవాబు చెప్పేవారు కాదు. "ఏం చూద్దామని?" అని ఎదురడిగి ఊరుకునేవారు. కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాక, అనకాపల్లి శివార్లలో ఒక మెట్ట మీద ఇల్లు కట్టుకుని, కోరి వచ్చినవాళ్ళకి చీకట్లో చూసే విద్య నేర్పుతుండేవారాయన. ఆ ప్రశ్నకి జవాబులు తడుముకోకుండా వచ్చేవి. చెరకుతోటల రైతులు అడవిపందుల్నని చెప్పేవారు, సరదాగా వచ్చినవాళ్ళు గుడ్లగూబల్నని చెప్పేవారు. గవరయ్య మాత్రం తల దించుకుని కాలి బొటనవేలితో నేల రాశాడు.

గవరయ్య బెల్లం వర్తకుడు. పగటిపూట దిమ్మని అల్లంత దూరాన్నుంచి చూసి పాకం ఎక్కడ ముదిరిందో చెప్పగల మనిషి. పొద్దు వాలితే తన గుమ్మం తనకే తెలియదు. పుట్టుకతో వచ్చిన రేచీకటి అది. అక్కడితో ఆగినా బాగుండేది, ఈ మధ్య పగటి చూపుని కూడా అంచుల నుంచి కొరుక్కు తింటోంది. దీనికి మందు లేదనీ, నడిమి చూపు ఉన్నన్నాళ్ళు ఉంటుందనీ డాక్టరు చెప్పేశాడు. అలాంటి కళ్ళకి కూడా కొన్ని యంత్రాలు పనికొస్తాయని ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చి మాస్టారి దగ్గర చేరాడు.

"చుక్కల్ని చూడాలండి," అన్నాడు చివరికి.

ఈ కోరిక విని ఇంట్లో వదినగారు ఇదివరకే ఒకసారి నవ్వింది. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతానందట, ముందు గడప దాటడం చూడవయ్యా అంది. గవరయ్యా ఆవిడతో కలిసి నవ్వేశాడు. లోపల నవ్వు లేదు. అతనికి కావలసినవి చుక్కలు కావు, ఒకే ఒక్క చుక్క.

సంబంధం కుదిరినప్పుడు రేచీకటి సంగతి పెద్దవాళ్ళు దాచారు. పెళ్ళిచూపులు పట్టపగలు పెట్టుకుంటే దాచడం ఎంతసేపు? కానీ పెళ్ళి రాత్రి పురోహితుడు ఇద్దరినీ పందిట్లోంచి బయటికి తీసుకొచ్చి, అరుంధతిని పెళ్ళికూతురికి చూపించమన్నాడు. గవరయ్య తలెత్తాడు. నేలెంత నలుపో ఆకాశమూ అంతే నలుపు. కనబడలేదంటే గుట్టు రట్టవుతుంది. అందుకని, పురోహితుడు తనని ఎటు తిప్పి నిలబెట్టాడో అటే వేలెత్తి, "అదిగో" అన్నాడు. పక్కనున్న పైడమ్మ కనబడిందంది. గుట్టు దాగలేదు, కాపురానికొచ్చిన కొత్తలోనే పైడమ్మకి తెలిసిపోయింది. తిట్టకుండా, పుట్టింటికి పోకుండా, ఆనాటినుంచీ మునిమాపు వేళయితే వచ్చి చెయ్యి పట్టుకుంటోంది. ఆమె ఏమీ అనకపోవడం వల్లనే ఆ "అదిగో" అతని గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఉన్న చూపు కూడా ఆరిపోకముందు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ చుక్కని నిజంగా చూడాలి, ఆమెకి నిజంగా చూపించాలి. దేనికోసమైనా ఇంతగా తపించడం అతనెరగడు.

మాస్టారు వివరాలేమీ అడగలేదు. ఆ సాయంత్రం ఒక యంత్రం తెచ్చి చేతిలో పెట్టారు. అది వేడిని చూసే థర్మల్ యంత్రం. దాన్ని కంటికి ఆనించుకోగానే పల్లంలో మేస్తున్న గేదెలూ, గట్టు మీద కుక్కా తెల్లగా వెలిగిపోతూ కనిపించాయి. గవరయ్య సంబరపడి పక్కకి తిరిగితే, చెయ్యి పట్టుకుని వెంట వచ్చిన పైడమ్మ కూడా తెల్లగా వెలుగుతోంది. మనిషని తెలుస్తోంది గానీ ముక్కూ మొహం తెలియడం లేదు. పైకి చూస్తే ఆకాశం తుడిచిన పలకలా ఉంది. అంత దూరపు చుక్కల వేడి దానికి అందదని మాస్టారు చెప్పారు. పందుల కోసమైతే దీన్ని మించింది లేదట.

మర్నాడు రెండోది ఇచ్చారు. అది డిజిటల్ది, మన కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ దీపాన్ని తనతోపాటే తెచ్చుకుంటుంది. దాంట్లో పైడమ్మ మొహం కనిపించింది, నుదుటి బొట్టుతో సహా. చీకట్లో భార్య మొహం చూడటం గవరయ్యకి అదే మొదలు. చాలాసేపు అలాగే చూస్తుంటే ఆమెకి సిగ్గేసి కొంగు అడ్డం పెట్టుకుంది. పైకి తిప్పితే మళ్ళీ ఏమీ లేదు. ఆ దీపం చేతనైనంత దూరమే వెళ్ళి ఆగిపోతుంది. వదినగారైతే గుడ్డి కన్నా మెల్ల నయం, దీంతో సరిపెట్టుకోమనేది. గవరయ్య సరిపెట్టుకోలేకపోయాడు.

మూడోనాడు మాస్టారు బీరువాలోంచి ఒక పాత గొట్టాన్ని తీశారు. అది దేన్నీ వెలిగించదనీ, ఆకాశంలో ఉన్న కాస్త వెలుతురునే పోగుచేసి ఎన్నో రెట్లు పెంచుతుందనీ చెప్పి, అతన్ని ఉత్తరం వైపు తిప్పి నిలబెట్టారు. గవరయ్య దాన్ని కంటికి ఆనించుకున్నాడు. గొట్టంలో ఆకుపచ్చగా కనబడే ఆకాశం నిండా, జల్లెడలోంచి పిండి రాలినట్టు, చుక్కలే చుక్కలు. ఇన్ని ఉంటాయని అతనికెవరూ చెప్పలేదు, చెప్పినా అతను నమ్మి ఉండేవాడు కాడు. ఏడుపొచ్చింది. ఏడిస్తే గాజు మసకబారుతుందని ఆపుకున్నాడు. సప్తర్షుల్లో గరిటె కాడలాంటి వరసని పట్టుకోమనీ, దాని నడిమి చుక్క వసిష్ఠుడనీ, ఆయన పక్కన ఒదిగి ఉన్న చిన్నదే అరుంధతి అనీ మాస్టారు నెమ్మదిగా దారి చెప్పారు. గవరయ్య వెతికి, తప్పి, మళ్ళీ వెతికి పట్టుకున్నాడు. గొట్టం కన్నుకి ఉండగానే రెండో చేతి వేలెత్తి పైడమ్మకి చూపించాడు. ఈసారి కనబడిందని ఆమె అంటే అది నిజం. తర్వాత యంత్రం దించి, పెళ్ళినాడు తనకి ఏమీ కనబడలేదనీ, ఊరికే వేలెత్తాననీ, ఇన్నాళ్ళూ ఆమెని మోసం చేశాననీ మాస్టారి ఎదుటే చెప్పేశాడు.



"ఆయేల మబ్బేసీసింది మావా," అంది పైడమ్మ. "ఆకాసంలో ఒక్క సుక్క నేదు. పంతులుగోరితో సహా అందరూ ముసిముసిగా నవ్వుకున్నారు."

గవరయ్య నిర్ఘాంతపోయాడు. మబ్బు పట్టిన చీకటికీ పట్టని చీకటికీ తేడా ఉంటుందని అతనికెలా తెలుస్తుంది? అందరికీ కనబడేది తనొక్కడికే కనబడలేదని ఇన్నాళ్ళూ కుమిలిపోయాడు. ఆ రాత్రి ఎవరికీ కనబడలేదు. అయితే కనబడిందని నువ్వెందుకన్నావని అడిగాడు.

"నువ్వొక్కడివే నవ్వనేదు. అంత నమ్మకంగా సూపించీసరికి, నాకూ కనపడినట్టే అయింది."

 గవరయ్య గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. చివరికి మాస్టారి వైపు తిరిగి, కొంటే ఇదే కొనమంటారా అని మొదటి ప్రశ్నే మళ్ళీ అడిగాడు.

సూరపరాజు మాస్టారు యంత్రం అందుకుని, గాజు తుడిచి, మూత పెట్టారు.

"మంచిదే. మబ్బేస్తే మాత్రం దీనికీ చుక్క కనబడదు. కొనే ముందు ఒక మబ్బు రోజున వచ్చి చూడు గవరయ్యా. పైడమ్మనీ తీసుకురా."