గోడకంబంలో జొన్నలు

కొండలకు ఇంకా పేర్లు పెట్టని కాలమంట. ఊఁ కొట్టేవాళ్లుంటే చెబుతా, కునికేవాళ్లుంటే ఆపేస్తా.

ఎర్రనేలల సీమలో ఒక ఊరు. ఆ ఊళ్లో సుంకమ్మ అని ఒక ముసలామె. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. సున్నం కాల్చడం, సున్నం నూరడం, సున్నం కొట్టడం, అదీ ఆమె బతుకు. పండగొస్తే పిలిచేవాళ్లు, పండగ పోతే మరిచేవాళ్లు.

ఒక యేడు వాన రాలేదు. రెండో యేడూ రాలేదు. మూడో యేటికి తినే గింజలైపోయి, విత్తనాల జొన్నలే మిగిలాయి. పిల్లలు ఆకలికి ఏడ్చినా ఎవరూ వాటిని ముట్టలేదు. అవి తింటే పూట గడుస్తుంది, విత్తితే ఊరు బతుకుతుంది.

అప్పుడొచ్చింది కబురు, దోపిడీ దండు వస్తోందని. పక్క ఊళ్లో పాతరలు తవ్వారంట. గడ్డివాముల్ని ఈటెలతో పొడిచారంట. బావుల్లోకి దిగి వెతికారంట. ఇంక గింజలు దాచేదెక్కడ? ఊరిపెద్ద బసివిరెడ్డి చావడి అరుగు మీద తల పట్టుకు కూర్చున్నాడు.

"ఈ గోడకంబాల్లో పోద్దాం పెద్దయ్యా," అంది సుంకమ్మ.

గోడకంబమంటే తెలుసా మీకు? గోడకే అంటుకుని సగం బయటికొచ్చిన కంబం. కింద పీట, పైన తామరపువ్వు. చూస్తే కప్పంతా దాని నెత్తిన ఉన్నట్టే ఉంటుంది. మోసేది మాత్రం గోడే. కంబం ఉత్త అందానికి. ఆ చావడి వెనకగోడకు అట్లాంటివి మూడున్నాయి.

"వీటిని కట్టింది మా ఆయనే. మోసే పని లేదని లోపల డొల్లగా వదిలినాడు," అందామె.

తామరపువ్వులు పగలగొట్టారు. జొన్నలు పోశారు. మూడు కంబాలూ నిండాయి. సుంకమ్మ వాటి నోళ్లు మూసి, సున్నం మెత్తి, మళ్లీ పువ్వులు దిద్దింది. కానీ పచ్చి సున్నం పచ్చిగానే కనబడుతుంది. చావడంతా కొడితే గానీ ఆ మచ్చ దాగదు.

అంతలోనే దూరాన దుమ్ము లేచింది. ఊరు ఊరంతా గుట్టల్లోకి పరుగెత్తింది. సుంకమ్మ సున్నం కొడుతూనే ఉంది.

"రా సుంకమ్మా, వచ్చేస్తాండారు!" అంటూ బసివిరెడ్డి చెయ్యి పట్టి లాగాడు.

"ఇంకా రెండు గోడలుండాయి. మీరు పోండి పెద్దయ్యా."

గుర్రాల డెక్కలు వీధిలో మోగాయి. సుంకమ్మ సున్నం కొడుతూనే ఉంది.

దండు ఇల్లిల్లూ తిరగేసింది. గింజ దొరకలేదు. నాయకుడు కత్తి దూసి చావడిలోకొచ్చాడు.

"ఊరంతా పారిపోతే నువ్వెవరి కోసం సున్నం కొడుతున్నావే?"

"జాతర వస్తాంది సామీ. మనుషులు పారిపోతారు గానీ అమ్మవారు పారిపోదు గదా."

అతను గోడ తడిమి చూశాడు. అంతటా తడే. కత్తిపిడితో మొదటి కంబం కొట్టాడు. గోడలాగే పలికింది. రెండోదీ అంతే. మూడోది కొట్టేసరికి, పువ్వు అంచు నుంచి ఒక్క జొన్నగింజ జారి అతని కాళ్ల దగ్గర పడింది.



అతను వంగి గింజ తీశాడు. పంటి కింద పెట్టి కొరికాడు. "ఇదెక్కడిది?"

"పావురాలు తెచ్చి పడేస్తాయి సామీ."

నాయకుడు నవ్వాడు. "పగలగొట్టండ్రా."

సుంకమ్మ కంబానికి అడ్డం పడింది. "వద్దు నాయనా! మిద్దెనంతా మోసేది ఈ కంబాలే. ముట్టుకుంటే మీ నెత్తిన పడుతుంది!"

బంట్లు తలలెత్తి పైనున్న బండల్ని, మట్టిని చూశారు. వెనక్కి జరిగారు. నాయకుడు మాత్రం గడ్డపార తెప్పించి ఆమె చేతికిచ్చాడు.

"అయితే నువ్వే కొట్టు. కప్పు పడకపోతే నీ తల పడుతుంది." అని తానూ గడప బయటికి పోయి నిలబడ్డాడు.

చావడి నడుమ నిజంగా బరువు మోసే చెక్కకంబం ఒక్కటుంది. దాని అడుగు చెదలు తినేసిన సంగతి ఆమెకు తెలుసు. గోడకంబాన్ని కొడితే జొన్నలు రాలతాయి. కొట్టకపోతే వాళ్లే కొడతారు. తన మాట నిజం కావాలి, అంతే.

"అమ్మా, నువ్వే దిక్కు," అనుకుంది. గడ్డపార ఎత్తింది. గిర్రున తిరిగి చెక్కకంబం అడుగున పొడిచింది.

కంబం ఒరిగి, దాని మీది దూలం విరిగింది. బండలు, మట్టి, మిద్దె మొత్తం కూలింది. ఆ దుమ్ములో ఎవరు దేన్ని కొట్టారో ఎవరికి కనబడింది?

"ముసిల్ది నిజమే చెప్పిందిరో!" అని బంట్లు గుర్రాలెక్కారు. దగ్గుతూ, తిట్టుకుంటూ నాయకుడూ వాళ్ల వెంట పోయాడు.

ఊరు తిరిగొచ్చింది. వెనకగోడ నిలిచే ఉంది, మూడు కంబాలూ నిలిచే ఉన్నాయి. మట్టి తోడితే సుంకమ్మ దొరికింది. వేళ్లు గడ్డపారను వదల్లేదు. బసివిరెడ్డి ఆమె పక్కన కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు.

ఆ యేడు వాన పడింది. కంబాలు పగలగొట్టి జొన్నలు విత్తారు. కంకులు మోకాటెత్తు కాదు, మనిషెత్తున ఊగాయి.

ఈనాటికీ ఆ సీమలో కొత్తిల్లు కడితే వాకిలికి గోడకంబం తీరుస్తారు. అందులో చిన్న డొల్ల వదులుతారు. ఇల్లాలు పిడికెడు విత్తనాలు పోసి తన చేత్తో సున్నం మెత్తుతుంది. గుట్టు దాచే మనిషిని "గోడకంబం లాంటిది" అని మెచ్చుకుంటారు.

మీరు పోయి, "అందులో ఏం పెట్టావమ్మా?" అని అడిగి చూడండి. ఏ ఇల్లాలూ చెప్పదు. పావురాల వంక చూసి నవ్వుతుంది.