కాశింబీ నాడి

దస్తగిరికి తన వేళ్ళ మీద నమ్మకం మరీ ఎక్కువైపోయింది. ఆ సంగతి అతనికి తప్ప అందరికీ తెలుసు.

కడప దగ్గర ఒక చిన్న దర్గా పక్కన అతని గురువు సాదిఖ్ షా వైద్యశాల ఉంది. షా సాహెబ్ సూఫీ పెద్ద, నాడి చూసి మందిచ్చే హకీం కూడా. ఆయన ఇంట్లో ఒక మర్యాద ఉంది. ఆడవాళ్ళు తెర వెనక కూర్చుని చెయ్యి మాత్రం బయటికి చాపుతారు. వైద్యుడు ఆ మణికట్టు మీద పల్చటి గుడ్డ కప్పి, కళ్ళు మూసుకుని నాడి పడతాడు.

ఆ ఉదయం పరుపులు కుట్టే ఖాదర్‌వలి, యాభై దాటిన అతని భార్య కాశింబీ వచ్చారు. ఇద్దరికీ తలనొప్పే. కాశింబీకి పొద్దున లేవగానే కళ్ళు మసకలు కూడా. బీపీ మిషన్ పెడితే ఇద్దరికీ ఒకేలాగ బాగా ఎక్కువ చూపించింది. దస్తగిరి ఖాదర్‌వలికి వెంటనే పెద్దాసుపత్రికి పొమ్మని చీటీ రాసిచ్చాడు. కాశింబీ నాడి గుడ్డమీదనుంచి ఒక్క క్షణం తాకి వదిలేసి, చేతిలో ఒక షర్బత్ సీసా పెట్టి, ఇంటికి పోయి పడుకోమన్నాడు.

వాళ్ళు గడప దాటాక షా సాహెబ్ అడిగారు. “ఆయమ్మకు చీటీ రాయలేదేం?”

“ఆడవాళ్ళ రక్తనాళాలు మెత్తన కదా సాహెబ్. రక్తపోటు పెరిగినా సాగి సర్దుకుంటాయి. మగవాళ్ళవే బిగుసుకుపోతాయి. మీరు చెప్పిందే.”

“బిడ్డల్ని కనే వయసు వాళ్ళ గురించి చెప్పినా. ముట్లు ఆగినాక ఆ మెత్తదనం పోతాదని, అప్పుడు మగవాళ్ళకంటే బిరుసెక్కినా ఎక్కుతాయని కూడా చెప్పినా.”

దస్తగిరి ఒక్క క్షణం తడబడ్డాడు. ఒప్పుకోవడానికి మాత్రం మనసు రాలేదు.

“నాడి చూసే పంపించినా సాహెబ్. మెత్తగానే ఉండాది. నా వేళ్ళు మోసం చెయ్యవు.”

గురువుకు కోపం రావాల్సిన మాట అది. ఆయనకు నవ్వొచ్చింది. లేచి లోపలికి వెళుతూ, “ఇంకో చెయ్యి చూసేది ఉండాది. తెర ముందర కూచో,” అన్నారు.

దస్తగిరి కూర్చున్నాడు. లోపల ఎవరో ఆడమనిషి గుసగుసలాడింది, గాజులు గలగలలాడాయి. తెర కిందనుంచి శాలువా కప్పిన చెయ్యి వచ్చింది, ముంజేతికి ఆకుపచ్చ గాజులు. మర్యాద ప్రకారం అతను చూపు తిప్పుకుని, గుడ్డ కప్పి, కళ్ళు మూసుకున్నాడు. ఈసారి గురువుగారు వింటున్నారు కాబట్టి కాస్త ఎక్కువసేపే పట్టుకున్నాడు.

“మెత్తటి నాడి. పోటు ఉన్నా సర్దుకునే నాళమే. భయం లేదమ్మా, షర్బత్ తాగి పడుకో.”

తెర పక్కకు జరిగింది. ఎదురుగా తెల్ల గడ్డంతో షా సాహెబ్ కూర్చుని ఉన్నారు. ఆయన వెనక ఆయన భార్య బేగం సాహెబా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. షా సాహెబ్ చేతికి సబ్బు రాసి ఎక్కించిన గాజులు, ఇక దిగేలా లేవు.

ఆ నాడి దస్తగిరికి కొత్తది కాదు. శిష్యుడిగా చేరిన రోజు మొదట పట్టుకున్నది దాన్నే. బిరుసెక్కిన నాళం ఎలా ఉంటుందో షా సాహెబ్ తన చేతిమీదే నేర్పించారు. ఏళ్ళ తరబడి బీపీ ఉన్న మనిషి ఆయన.

“ఒకటి పగిలింది చూడండి, కొత్త డజను కొనియ్యాల,” అంది బేగం సాహెబా.

“వీడు కొనిస్తాడులే,” అన్నారు షా సాహెబ్ హాయిగా, గాజుల చెయ్యి ఒళ్ళో పెట్టుకుని.

దస్తగిరి అప్పటికే వాకిట్లో ఉన్నాడు. చెప్పులు కూడా వేసుకోకుండా ఆటో స్టాండు దాకా పరుగెత్తాడు. సిగ్గు కంటే భయమే ఎక్కువగా ఉంది అతనికి. ఖాదర్‌వలి ఆసుపత్రి ఆటోలో ఎక్కి కూర్చున్నాడు. కాశింబీ షర్బత్ సీసా చంకన పెట్టుకుని, మొగుడికి జాగ్రత్తలు చెబుతోంది.

“అమ్మా, నువ్వూ ఎక్కు. ఆసుపత్రికి నేనూ వస్తా. ముందు ఒకసారి చెయ్యియ్యి.”

కాశింబీ చెయ్యి చాపింది. అతను గుడ్డ కోసం వెతుక్కోలేదు, కళ్ళూ మూసుకోలేదు.

“ఇందాక చూసినావు కదా నాయనా?”

“లేదమ్మా,” అన్నాడు దస్తగిరి. “ఇప్పుడే చూస్తాండా.”