మోకు పట్టినవాడి ఊఁ

ఈ కథ నాకు మొదట చెప్పింది ఎర్రన్న పెండ్లాం లింగమ్మ. పక్కనుండి చూసిన మనిషి. తర్వాత చెప్పినవాళ్లెవరూ కళ్లతో చూడలేదు. అయినా గొంతు పెంచి చెప్పేది వాళ్లే.

ఎర్రన్న తమ్ముడితో కలిసి బావులు తవ్వేవాడు. ఒకనాడు ఒడ్డు విరిగి పడి అన్నదమ్ములిద్దరూ మట్టికింద చిక్కుకున్నారు. ఎర్రన్నను ప్రాణంతో తీశారు. తమ్ముణ్ణి తీసేసరికి ప్రాణం మిగల్లేదు. ఆనాటినుంచి ఎర్రన్నకు మాట లేదు. కప్పుకింద పడుకోడు, వానొచ్చినా వాకిట్లోనే. బిడ్డ చేతులు చాస్తే తన చేతులు వెనక్కి దాచుకుంటాడు.

లింగమ్మ అతణ్ణి చిన్నోబుల సామి మఠానికి పిలుచుకొచ్చింది. సామి తన శిష్యుడు కదిరప్పకు అప్పజెప్పాడు.

కదిరప్పది మంచి గొంతు. తత్త్వాలు ఎన్నో నోటికొచ్చు. ఆ సంగతి అతనికి అందరికంటే బాగా తెలుసు. రోజూ ఎర్రన్న ముందు కూచుని, దేహం మట్టేననీ, పోయినవాడి కోసం కుమలడం అజ్ఞానమనీ పాడాడు. "జరిగింది మరిచిపో అన్నా" అని పదేపదే చెప్పాడు. పదోరోజు ఎర్రన్న రావడం మానేశాడు.

"బండకు చెప్పినట్టుంది సామీ. ఆ మనిషి బాగుపడేవాడు కాదు. వాళ్లకు ఆ మాట చెప్పేస్తాను" అన్నాడు కదిరప్ప.

సామి తల గోక్కున్నాడు. "చెబుదువులే. ముందు మన బావిలో పూడిక తియ్యాల. దిగుతావా?"

సామి కూడా ఒకప్పుడు బావులు తవ్వినవాడే. కదిరప్ప నడుముకు మోకు కట్టి, రెండో కొస ఒడ్డునున్న బండకు బిగించి నిదానంగా దించాడు.

అడుగున మోకాటిలోతు బురద. పైన పళ్లెమంత ఆకాశం. గోడనుంచి చిన్న మట్టిపెళ్ల ఊడి, బుడుంగున పడింది.

"సామీ, మట్టి రాలుతోంది."

"దేహం మట్టే కదరా" అన్నాడు పైనుంచి సామి.

తన పాట తనకే చేదుగా వినిపించింది కదిరప్పకు. ఇంకో పెళ్ల రాలింది.

"ఇంకోటి పడింది సామీ."

"మరిచిపో."

"ఎకసెక్కాలు వద్దు సామీ. ఉన్నారా?"

జవాబు లేదు. మోకు లాగి చూశాడు. పైన బండకు కట్టింది, బిర్రుగా ఉంది. తెగేది కాదు. అయినా ఊపిరి గొంతులోనే తిరుగుతోంది.

"సామీ!"

మోకు కొంచెం కదిలింది. ఎవరో చేతికి చుట్టుకున్నట్టు.

"ఊఁ."

"సామీ."

"ఊఁ."

బురద అట్లనే ఉంది, చీకటి అట్లనే ఉంది. కదిరప్ప ఊపిరి మాత్రం కిందికి దిగింది. నాలుగు తట్టల పూడిక తీసి పైకొచ్చాడు. సామి అరచేతుల్లో మోకు ఒరిసిన ఎర్రచారలు.

"బండకు కట్టి వదిలితే సరిపోయేది కదా సామీ. మళ్లీ ఎందుకు పట్టుకున్నారు?"

"బండ ఊఁ అనదు" అన్నాడు సామి.

మరునాడు కదిరప్ప ఎర్రన్న వాకిట్లోకి పోయి కూచున్నాడు. పాట పాడలేదు. ఆ మరునాడూ పోయాడు. లింగమ్మ మజ్జిగిస్తూ, "గొంతు పోయిందా నాయనా?" అని ఎగతాళి చేసింది. నవ్వి మజ్జిగ తాగాడు.

ఎన్నాళ్లకో ఎర్రన్న నేలవైపు చూస్తూ అన్నాడు: "వాడి చెయ్యి దొరికింది. పట్టుకున్నా. జారిపోయింది."

"నీ తప్పు లేదన్నా" అనే మాట కదిరప్ప పళ్లదాకా వచ్చింది. మింగేశాడు.

"ఊఁ."

ఆ రోజుకు అంతే. తర్వాత అదే మాటకు ఎర్రన్న రోజూ కొంచెం చేర్చి చెప్పేవాడు. మధ్యలో ఆగిపోయి, "ఉండావా కదిరప్పా?" అనేవాడు. "ఊఁ" అనేవాడు కదిరప్ప. కొన్ని దినాలు ఎర్రన్న మళ్లీ మూగబోయేవాడు. అప్పుడూ కదిరప్ప కూచునే ఉండేవాడు.

కార్తె మారింది. ఒక పొద్దు చెబుతూ ఉండగానే చినుకులు పడ్డాయి. ఎర్రన్న లేచి, చాపమీద నిద్రపోతున్న బిడ్డను రెండు చేతులా ఎత్తుకుని గడప దాటాడు. లోపలినుంచి వెనక్కి తిరిగాడు.

"తడుస్తాండావు నాయనా. లోపలికి రా."

మఠంవాళ్లు అచ్చేసిన పుస్తకంలో, సామి విభూతి పెట్టగానే ఎర్రన్నకు మాటొచ్చిందని ఉంది. నాకు చదివి వినిపించారు. విభూతి లేదు. ఒక్కపూటలో జరగనూ లేదు. ఎర్రన్న పక్కన కూచున్నవాడి పేరు కదిరప్ప, దాన్నీ ఎగరగొట్టారు. నాకు అక్షరాలు కూడబలుక్కుంటే గాని రావు. చేయి తిరిగినవాళ్లెవరైనా ఆ పేజీ కొట్టేసి, "ఊఁ అన్నాడు" అని రాయండి.