అత్త కన్ను, అన్నదమ్ముల కారు

కొండమీది మంచుగెడ్డ ఊళ్ళో తెలివి ఎక్కడుందని ఎవరైనా అడిగితే, "మా ఇంట్లోనే ఉంది, ఎక్కడికీ పోలేదు" అనేవాళ్ళు అప్పలకొండ, గవరయ్య, నూకరాజు అనే ముగ్గురన్నదమ్ములు. నిజమే మరి. బయటికొచ్చేటప్పుడు దాన్ని ఇంట్లోనే పెట్టి తాళం వేసేవాళ్ళు.

"మాకు చెప్పింది చెప్పినట్టు చేస్తాం. పిసరంత తగ్గించం, పిసరంత పెంచం!" అని పెద్దాడు అప్పలకొండ మీసం దువ్వుకునేవాడు.

వాళ్ళకో పాత డీజిల్ కారుంది. మధ్యాహ్నం గుర్రంలా ఉరికేది. చలికాలం పొద్దున్న మాత్రం తాళం తిప్పితే "కుర్... కుర్..." అని మూలిగి ఊరుకునేది. అన్నదమ్ములకి అదేం ఇబ్బంది కాలేదు. వాళ్ళూ మధ్యాహ్నానికే కదా లేచేది!

ఇంతలో మేనత్త బంగారమ్మ కుడికంటికి శుక్లం ముదిరింది. ఘాటురోడ్డు దిగువనున్న పట్నానికి కంటి డాక్టరు ఆరునెలలకోసారి వస్తాడు. ఆయనొచ్చే రోజు పొద్దున్న ఎనిమిదికల్లా అత్త అక్కడ ఉండాలి. తప్పితే మళ్ళీ ఆరునెలలూ మసకే.

అందుకని ఆ ముందురోజు పెందలాడే లేచి కారుని పరీక్షించారు. "కుర్... కుర్..." అంతే. అప్పలకొండ పట్నంలో మెకానిక్ మస్తాన్‌కి ఫోన్ కొట్టాడు.

"తాళం తిప్పేటప్పుడు వెనక గొట్టంలోంచి పొగొస్తుందా? ఏ రంగో చూసి చెప్పండి" అన్నాడు మస్తాన్.

నూకరాజు గొట్టం ముందు బోర్లా పడుకుని చూశాడు. పొగ లేదు.

"పొగ రాందే రంగేం చెబుతాంరా? ముందు పొగ రావాలి" అన్నాడు గవరయ్య. ఇంకేముంది! కుంపట్లో నిప్పులేసి, గుప్పెడు సాంబ్రాణి చల్లి గొట్టం కింద పెట్టారు.

"వచ్చిందండీ! తెల్లగా, దట్టంగా! వాసన కూడా బ్రహ్మాండం!" అన్నాడు అప్పలకొండ ఫోన్లో.

"వాసనా?" అన్నాడు మస్తాన్. "సరే, తెల్లపొగంటే డీజిలు లోపలికి పోతోంది గానీ మండట్లేదు. మీరు ఇంజను లోపల వేడెక్కనివ్వకుండానే తిప్పేస్తున్నట్టున్నారు. తాళం సగం తిప్పితే స్ప్రింగు బొమ్మతో పసుపు లైటు వెలుగుతుంది. అది ఆరాకే పూర్తిగా తిప్పండి."

లైటు వెలిగింది. ఆరాలి కదా? గవరయ్య వంగి "ఉఫ్" అని ఊదాడు. సరిగ్గా అప్పుడే ఆరింది.

"చూశారా నా ఊపిరి!"

"నీదేం గొప్ప, నేనూ ఆర్పుతా" అన్నాడు నూకరాజు.

"పెద్దాణ్ణి నేనుండగా?" అన్నాడు అప్పలకొండ.

అంతే. పందెం మొదలైంది. వెలిగించడం, ఊదడం, వెలిగించడం, ఊదడం. పూర్తిగా తిప్పడం ఎవరికీ గుర్తే లేదు. డెబ్భయ్యో ఊదుడుకి లైటు వెలగడమే మానేసింది.

"అన్నా, నా దెబ్బకి శాశ్వతంగా ఆరిపోయింది!" అని నూకరాజు గంతులేశాడు.

సంగతి విని మస్తాన్ తల బాదుకున్నాడు. "బ్యాటరీ దిగిపోయింది బాబూ! విప్పి ఛార్జింగ్ పెట్టించండి. బయట చలి, రాత్రికి ఇంట్లో వెచ్చగా ఉంచండి."

రైసుమిల్లులో ఛార్జింగ్ పెట్టించి, తెచ్చి, అత్త మంచం మీద పడుకోబెట్టి, అత్త కంబళే కప్పారు. అత్త కింద చాప మీద వణికింది.

తెల్లారి ఐదున్నరకి తాళం తిప్పితే ఈసారి "కుర్" కూడా లేదు.

"బ్యాటరీ ఏదయ్యా?" అని అరిచాడు మస్తాన్ ఫోన్లో.

"లోపల వెచ్చగా ఉందండి. ఇంకా లేపలేదు. లేపమని మీరు చెప్పందే లేపుతామా?"

"తెచ్చి బిగించండి నాయనా! లైటు దానంతటదే ఆరాలి, ఎవరూ ఊదొద్దు. తర్వాత తిప్పండి. స్టార్టవగానే బయల్దేరండి!"

బిగించారు. ముగ్గురూ నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. లైటు ఆరింది. తిప్పగానే "బుర్ర్"మని లేచింది కారు! ఇంకేముంది, స్టార్టవగానే బయల్దేరిపోయారు. సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ బంగారమ్మ నోరు తెరిచింది.

"ఒరేయ్ సచ్చినోళ్ళారా! కారు కోసం నేనా, నా కోసం కారా?"

ఆవిడకి ఎడమకన్ను బాగానే ఉంది, కాళ్ళు ఇంకా బాగున్నాయి. కాఫీతోట అడ్డదారిన గబగబా దిగి, మూడో మలుపులో కారుకి ఎదురుగా చేతికర్ర ఎత్తి నిలబడింది.

"అత్తా! నువ్వు ఇంటిదగ్గర కదా ఉన్నావ్?" అని ముగ్గురూ ఆశ్చర్యపోయారు. అత్త కర్రతోనే జవాబు చెప్పి ఎక్కి కూర్చుంది.

ఎనిమిదికల్లా పట్నం అందుకున్నారు. మధ్యాహ్నానికి ఆపరేషనయింది, కుడికంటికి కట్టు పడింది. "ఇల్లు చేరేదాకా ఆ కంట్లో వెలుతురు గానీ దుమ్ము గానీ పడకూడదు" అన్నాడు డాక్టరు.

అన్నదమ్ములు తలూపారు. చెప్పింది చెప్పినట్టు! కారు వెనకద్దానికి దుప్పటి, పక్కద్దాలకి తువ్వాళ్ళు, ముందద్దానికి అత్త కంబళి బిగించి కట్టేశారు. లోపల కటిక చీకటి.

"ఒరేయ్, దారెలా కనిపిస్తుందిరా?" అంది అత్త.

అప్పలకొండ ఆలోచించాడు. ఇంట్లో దాచిన తెలివి అప్పుడే ఎలాగో వచ్చి తగిలింది. "నీకు ఎడమకన్ను బాగుందిగా అత్తా! నువ్వు తల బయటపెట్టి దారి చెప్పు."

అలా కారు నత్తలా ఘాటెక్కింది. కంబళి చాటున ముగ్గురు మేనల్లుళ్ళు చల్లగా కూర్చున్నారు. కిటికీలోంచి మెడదాకా బయటపడ్డ బంగారమ్మ, ఎర్రటి ఎండలో, లారీల దుమ్ములో, "కుడికిరా... ఇంకా కుడికి... ఒరేయ్ లోయరా!" అని అరుస్తోంది.

లోపల చీకట్లో గవరయ్య తృప్తిగా నిట్టూర్చాడు. "ఏమాటకామాటే అన్నా, లోపలికి ఒక్క రవ్వ దుమ్ము రాలేదు!"