నాంచారమ్మ గ్లాసు

ప్రొఫెసర్ దమయంతికి ఒక అలవాటు ఉంది. మంచం పట్టిన వృద్ధులున్న ఇంటికి పరిశోధన పని మీద వెళ్తే, ముందు ఆ మంచం దగ్గరికే వెళ్తుంది. తన పేరు, వచ్చిన పని చెబుతుంది. కూర్చోవచ్చా అని అడిగి నిమిషం పాటు ఆగుతుంది. బదులు వచ్చినా రాకపోయినా ఆగడం మాత్రం మానదు.

ఆమె దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న సుచరితకు అది చాదస్తంగా తోచేది. ఆ రోజు చీరాలలో ఆటో దిగుతూ అడిగేసింది. "ఏమీ తెలియని వాళ్ళను అడిగి ఏం లాభం మేడమ్? జవాబు చెప్పేది చూసుకునేవాళ్ళు కదా."

దమయంతి చెప్పులు విడిచి లోపలికి నడిచింది.

ఆ ఇల్లు మొత్తం ఒకటే గది. నాంచారమ్మకు పక్షవాతం వచ్చి మూడేళ్ళు. కుడిపక్క చచ్చుబడింది, మాట పోయింది. అన్నీ కోడలు కోటేశ్వరే చూస్తుంది. పోయిన నెల సుచరిత ఒక్కతే వచ్చి, "ఈవిడకేం తెలీదుగా, ఇక్కడే కూర్చుందాం" అని మంచం పక్కనే కూర్చుని ప్రశ్నలన్నీ అడిగి వెళ్ళింది. కష్టం ఉందా అన్న ప్రతిదానికీ కోటేశ్వరి లేదనే చెప్పింది. చూసుకునేవాళ్ళ మీద పడే భారం ఈ ఇంట్లో సున్నా అని తేలింది. భారం ఎక్కువున్న ఇళ్ళకు వారానికి మూడు రోజులు ఆయాను పంపాలని ఆ పరిశోధనలో ఏర్పాటు. సున్నా వచ్చిన ఇంటికి ఎవరూ రారు. ఆ జవాబుల కాగితం చూసి దమయంతి, "మళ్ళీ అడుగుదాం పద" అంది.

ఇప్పుడు మంచం మీదికి వంగి తన పేరు చెప్పింది. "మీ కోడల్ని కొన్ని ప్రశ్నలు అడుగుతాం నాంచారమ్మగారూ. తను చెప్పేదాంట్లో తేడా ఉంటే మీరు చెప్పాలి."

నిమిషం గడిచింది. నాంచారమ్మ చూపు పైకప్పు మీదే ఉంది. ఎడమ చేతిలో జావ తాగిన స్టీలు గ్లాసు ఉంది. సుచరిత నవ్వు ఆపుకుంది.

సుచరిత కోటేశ్వరిని అడగసాగింది. పేరు, వయసు అయ్యాయి. "నిద్ర సరిగ్గా పడుతోందా?"

"పడుతుందండీ."

మంచం ఇనప పట్టీ మీద గ్లాసు ఠంగుమంది.

"నీళ్ళు కావాలేమో" అని కోటేశ్వరి లేచి పట్టింది. నాంచారమ్మ పెదవులు బిగించింది.

"మీ ఆరోగ్యం?"

"నాకేమండీ, గుండ్రాయిలా ఉన్నా."

మళ్ళీ ఠంగుమంది.

"ఏంటత్తా నీ గోల, వాళ్ళను రాసుకోనీ."

"పేరు చెప్పినప్పుడు మోగలేదమ్మా" అంది దమయంతి.

కోటేశ్వరి లేచింది. గూట్లోంచి మడత కాగితం తీసి ఇచ్చింది. గర్భసంచి తీసెయ్యాలని డాక్టరు రాసిచ్చి పద్నాలుగు నెలలైంది. "నేను ఆస్పత్రిలో పడుకుంటే ఈమెనెవరు చూస్తారండీ? ఎవరికీ చెప్పలా. ఇక్కడ కూర్చుని ఫోన్లో మా అక్కతో చెప్పుకున్నా, అంతే."

అంటే ఈ మూడేళ్ళూ ఈ గదిలో అన్న ప్రతి మాటా ఆ మంచం విన్నది. పోయిన నెల సుచరిత అన్నది కూడా. ఏం చెయ్యాలో తోచక సుచరిత ప్రశ్నల కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదువుకుంటూ పోయింది. దమయంతి ఆపమని చెయ్యెత్తేలోపే చివరి ప్రశ్న నోట్లోంచి వచ్చేసింది.

"ఈవిడ పోతే బాగుండునని ఎప్పుడైనా అనుకున్నారా?"

కోటేశ్వరి అత్త వైపు చూడలేదు. "లేదండీ" అంది.

పక్కింట్లో మగ్గం ఆడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

గ్లాసు మోగింది. ఈసారి మెల్లగా, ఒక్కసారే.

కోటేశ్వరి గోడకు జారగిలబడి నేల మీద కూర్చుండిపోయింది. కాసేపటికి నాంచారమ్మ గ్లాసు ముందుకు చాపింది. కోటేశ్వరి లేచి నీళ్ళు పోసింది. ఈసారి తాగింది.

సుచరిత "లేదు"లన్నీ కొట్టేసి మళ్ళీ రాసింది. ఆయా రావడం ఖాయమైంది. వెళ్ళేముందు మంచం దగ్గర ఆగి తన పేరు చెప్పబోయింది. చెప్పలేక చేతులు జోడించింది.

గుమ్మం బయటికి వచ్చాక అడిగింది. "ఆవిడ వింటుందని మీకు ముందే తెలుసా మేడమ్?"

"తెలీదు" అంది దమయంతి, చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుంటూ. "అందుకే అడుగుతాను."